బస్తర్ నుంచి బకాయి వసూలు: డిమాండ్ నోటీసు, చిన్న మొత్తాల దావాకు మార్గదర్శిని

జగదల్‌పూర్: ఏటా మిర్చి కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడ జిల్లాల నుంచి ఆదివాసీ కూలీలు తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం, ములుగు జిల్లాల చేలకు తరలివస్తారు. సరిహద్దుకు ఇరువైపులా ధాన్యం, చింతపండు, ఇప్పపువ్వు, పశువులు, విత్తనాలు, చేతివృత్తుల వస్తువుల క్రయవిక్రయాలు కూడా జరుగుతుంటాయి. ఈ లావాదేవీలలో అధిక భాగం నోటిమాట మీదనే సాగుతుంది. కోతలు ముగిశాక మేస్త్రీ ముఖం చాటేసినా, సరుకు తీసుకున్న వ్యాపారి రేపుమాపు అంటూ కాలం గడిపినా, రావలసిన మొత్తం పది పదిహేను వేల రూపాయలే కావచ్చు. ఒక కుటుంబానికి అది వానకాలమంతటి తిండి ఖర్చు. అయినప్పటికీ ఇంత చిన్న మొత్తానికి, అందులోనూ పరాయి రాష్ట్రంలో ఉన్న వ్యక్తిపై, కోర్టుకు ఎక్కడం సాధ్యం కాదన్న అభిప్రాయంతో పలువురు ఆ సొమ్మును వదులుకుంటున్నారు.

చట్టం దృష్టిలో ఈ అభిప్రాయం సరికాదు. కొన్ని రకాల బకాయిలకు సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలుంది. మరికొన్నింటికి పని జరిగిన చోటనే దరఖాస్తు చేయాలి. బకాయి ఏ తరగతికి చెందుతుందో ముందుగా తేల్చుకుని, గడువు తీరకముందే లిఖితపూర్వకంగా కోరడం ఇందులో కీలకం. ఆ కోరికను తెలిపే పత్రమే డిమాండ్ నోటీసు.

చిన్న మొత్తాలకు ప్రత్యేక న్యాయస్థానం ఉందా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో సాధారణంగా 10,000 పౌండ్ల లోపు తగాదాలకు సరళమైన ప్రత్యేక విచారణ పద్ధతి ఉంది. భారతదేశంలో ఆ తరహా ఏకరూప వ్యవస్థ లేదు. 1887 నాటి ప్రొవిన్షియల్ స్మాల్ కాజ్ కోర్టుల చట్టం నేటికీ ఉన్నది. హైదరాబాద్ వంటి కొన్ని నగరాలలో స్మాల్ కాజెస్ కోర్టులు పనిచేస్తున్నాయి. ఇతర ప్రాంతాలలో చిన్న మొత్తాల దావాలు దిగువ శ్రేణి సివిల్ జడ్జి కోర్టుకే వెళతాయి. దావాను విచారించే అధికారం ఉన్న కోర్టులలో అన్నిటికంటే దిగువ శ్రేణి కోర్టులోనే దాఖలు చేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

అయితే చిన్న బకాయిలలో అనేకం సివిల్ కోర్టు వరకూ వెళ్లనవసరం లేదు. కూలి బకాయిలకు కార్మిక శాఖ, నాసిరకం సరుకుకు వినియోగదారుల కమిషన్, రాజీకి లోక్ అదాలత్ వంటి తక్కువ ఖర్చు మార్గాలు ఉన్నాయి. ఏ మార్గం ఎంచుకున్నా నోటీసు ఉపయోగపడుతుంది.

నోటీసుకు ముందు ఆధారాలు

నోటిమాట ఒప్పందం కూడా చట్టరీత్యా చెల్లుతుంది. నిరూపించడమే కష్టం. కాబట్టి నోటీసు రాయడానికి ముందు ఈ కింది వాటిని ఒకచోట చేర్చుకోవాలి.

పని చేసిన తేదీలు, చేను ఉన్న గ్రామం, మండలం, యజమాని పూర్తి పేరు, మేస్త్రీ పేరు, చిరునామా, కుదిరిన కూలి రేటు, అందిన అడ్వాన్సు, తోటి కూలీల పేర్లు నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి. పని జరుగుతున్న రోజులలోనే ఏ రోజుకారోజు రాసుకున్న లెక్కకు, తగాదా వచ్చాక రాసిన లెక్కకన్నా విలువ ఎక్కువ. యూపీఐ చెల్లింపుల వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం నకలు, వాహనం టికెట్లు, చేలో తీసిన ఫొటోలు, వాట్సాప్ సందేశాలు, ఫోన్ సంభాషణల రికార్డులు సైతం సాక్ష్యాలే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యం నకలుకు నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. అసలు సందేశాలు ఉన్న ఫోన్‌ను అమ్మివేయకుండా, వాటిని చెరిపివేయకుండా భద్రపరచడం అవసరం.

అప్పుకు ప్రోనోటు ఉంటే దానిపై రెవెన్యూ స్టాంపు సక్రమంగా ఉన్నదో లేదో చూసుకోవాలి. స్టాంపు లేని ప్రోనోటును, ఆ తరువాత జరిమానా చెల్లించి సైతం, సాక్ష్యంగా ప్రవేశపెట్టడానికి స్టాంపుల చట్టం 35వ సెక్షన్ అనుమతించదు.

నోటీసులో ఏమి ఉండాలి?

నోటీసును న్యాయవాదే పంపాలన్న నిబంధన సాధారణ బకాయిలకు లేదు. హక్కుదారు స్వయంగా రాసి సంతకం చేసి పంపవచ్చు. అవతలి వ్యక్తి చదవగలిగే భాషలో రాయడం మేలు. ఖమ్మం రైతుకు తెలుగులో, జగదల్‌పూర్ వ్యాపారికి హిందీలో రాసి, దావా వేయబోయే కోర్టు భాషలో అనువాదం దగ్గర ఉంచుకోవచ్చు. కోంట, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు రాయగలిగినవారు ఉన్నందున ఇది కష్టమైన పని కాదు.

నోటీసు ఒక పుట దాటనవసరం లేదు. అందులో ఆరు అంశాలు తప్పనిసరి: ఎవరు ఎవరికి రాస్తున్నారు, ఒప్పందం ఎప్పుడు, ఎక్కడ కుదిరింది, తన వంతు పని లేదా సరుకు ఎప్పుడు పూర్తిగా అందించారు, మొత్తం ఎంత, అందినదెంత, రావలసినదెంత, ఎన్ని రోజులలో ఏ విధంగా చెల్లించాలి, చెల్లించని పక్షంలో ఏ చట్టబద్ధ చర్య తీసుకుంటారు. మిర్చి కోత కూలికి సంబంధించిన ఒక ఊహాత్మక నమూనా ఇలా ఉండవచ్చు.

"ఫలానా గ్రామం, ఫలానా మండలం వాస్తవ్యులు ఫలానా వారికి, సుక్మా జిల్లా ఫలానా గ్రామ నివాసి ఫలానా వారు పంపు నోటీసు. ఈ సంవత్సరం ఫిబ్రవరి 10 నుంచి మార్చి 23 వరకు 42 రోజులపాటు మీ మిర్చి చేలో రోజుకు రూ.400 చొప్పున కోత పని చేసియున్నాను. మొత్తం కూలి రూ.16,800. అడ్వాన్సు కింద నాకు రూ.6,000 ముట్టినది. మిగిలిన రూ.10,800 రావలసియున్నది. ఏప్రిల్ 2న, 15న ఫోనులో కోరినప్పటికీ మీరు చెల్లించలేదు. ఈ నోటీసు అందిన 15 రోజులలోగా సదరు మొత్తాన్ని దిగువ పేర్కొన్న బ్యాంకు ఖాతాలో జమచేయగలరు. గడువు దాటినచో, నోటీసు తేదీ నుంచి వడ్డీతో సహా, వేతన చట్టం కింద అధికారి ఎదుట దరఖాస్తు చేసుకొనగలనని తెలియజేయుచున్నాను. పని రోజుల పట్టిక, చెల్లింపు వివరాల నకళ్లు జతపరచడమైనది."

వడ్డీ ప్రస్తావనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. రాతపూర్వక పత్రం ద్వారా నిర్ణీత తేదీన చెల్లించవలసిన బాకీ కానప్పుడు, వడ్డీ కోరతామని తెలిపే లిఖిత నోటీసులో పేర్కొన్న తేదీ నుంచి వడ్డీ మంజూరు చేసే అధికారాన్ని 1978 నాటి వడ్డీ చట్టం 3వ సెక్షన్ కోర్టుకు కల్పిస్తోంది. నోటీసులో ఆ వాక్యం లేకపోతే దావాకు ముందు కాలానికి వడ్డీ కోల్పోయే ప్రమాదం ఉంది.

రాయకూడనివి కూడా ఉన్నాయి. దూషణ, పరువుకు భంగం కలిగించే మాటలు, పోలీసు కేసు పెట్టిస్తామన్న బెదిరింపు ఉండరాదు. అవి తిరిగి పంపినవారి మెడకే చుట్టుకోవచ్చు. రావలసినదానికన్నా ఎక్కువ మొత్తం కోరరాదు. అందిన అడ్వాన్సును దాచరాదు. ఒక్క అంకె అబద్ధమని తేలితే మిగిలిన లెక్కపై కూడా నమ్మకం సడలుతుంది.

పంపే విధానం

నోటీసును చేతికిచ్చి నకలుపై సంతకం తీసుకోవచ్చు. సంతకం చేయరన్న అనుమానం ఉంటే తపాలాలో పంపాలి. సరైన చిరునామా రాసి, రుసుము చెల్లించి, రిజిస్టర్డ్ తపాలాలో పంపిన ఉత్తరం మామూలుగా చేరవలసిన సమయానికి చేరినట్లే 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ భావిస్తుంది. కాదని నిరూపించే భారం అవతలివారిపై ఉంటుంది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసింది. అందువల్ల కౌంటరు వద్ద రిజిస్ట్రేషన్ సదుపాయం, చేరినట్లు రుజువు కావాలని ప్రత్యేకంగా అడగాలి. రశీదు, నోటీసు నకలు, చేరినట్లు తెలిపే పత్రం, తిరస్కరించి వెనక్కి పంపితే ఆ కవరు యథాతథంగా భద్రపరచాలి. తిరిగి వచ్చిన కవరును తెరవరాదు. అదే నోటీసును ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పంపడం అదనపు రక్షణ.

నోటీసు కాలాన్ని ఆపదు

నోటీసు ఇచ్చాం కాబట్టి గడువు పెరుగుతుందన్నది ప్రజలలో బలంగా ఉన్న అపోహ. చట్టం తప్పనిసరి చేసిన నోటీసు విషయంలో తప్ప, నోటీసు వల్ల కాలపరిమితి పెరగదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం డబ్బు వసూలు దావాలలో అధిక భాగానికి గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు ఎప్పటి నుంచి మొదలవుతాయన్నదే చిక్కు. కూలికి అది చెల్లించవలసిన తేదీ నుంచి, గడువు చెప్పకుండా అరువుకిచ్చిన సరుకుకు అప్పగించిన తేదీ నుంచి, చేబదులుకు డబ్బిచ్చిన తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. "కోరినప్పుడు చెల్లించెదను" అని రాసిన ప్రోనోటుకు సైతం కోరిన తేదీ కాక, ప్రోనోటు రాసిన తేదీయే ప్రాతిపదిక. ఈ తేడా తెలియక నాలుగో ఏట కోరినవారి బాకీకి కాలదోషం పట్టిపోతుంది.

గడువు ముగియకముందే బాకీదారు బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి కొత్తగా గడువు లెక్కకు వస్తుంది. బాకీలో కొంత చెల్లించి, ఆ చెల్లింపును స్వయంగా రాసినా, సంతకంతో నమోదు చేసినా అదే ఫలితం ఉంటుంది. బస్తర్ గ్రామాలలో పెద్దల సమక్షంలో తగవులు తీర్చుకునే ఆచారం బలంగా ఉంది. ఆచార పద్ధతిలో తగవులు పరిష్కరించుకునే విధానాన్ని కాపాడే సామర్థ్యం గ్రామసభకు ఉన్నదని 1996 నాటి పెసా చట్టం గుర్తించింది. అటువంటి తగవులో బాకీదారు ఒప్పుకున్న మాటను కాగితంపై పెట్టి, తేదీ వేయించి, సంతకం లేదా వేలిముద్ర తీసుకుంటే అది ఆ తరువాత కోర్టులో ఒప్పుదల పత్రంగా ఉపకరిస్తుంది.

ఏ బకాయికి ఏ తలుపు?

కూలి బకాయి: నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలోని వేతన కోడ్–2019 వ్యవసాయ కూలీలకు కూడా వర్తిస్తుంది. రోజు కూలిని ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలిని వారాంతపు సెలవుకు ముందు పనిదినాన చెల్లించాలి. కూలిని నగదు, చెక్కు లేదా బ్యాంకు ఖాతా ద్వారానే ఇవ్వాలి; మిర్చి బస్తా ఇచ్చి చేతులు దులుపుకోవడం చెల్లదు. 45వ సెక్షన్ కింద నియమితుడైన అధికారి ఎదుట మూడేళ్లలోగా దరఖాస్తు చేయవచ్చు. ఎందరు కూలీలున్నా ఒకే దరఖాస్తు సరిపోతుంది. బకాయితోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఆయనకు ఉంది. ఆ సొమ్ము చెల్లించకపోతే భూమిశిస్తు బకాయి మాదిరిగా కలెక్టర్ ద్వారా వసూలు చేయవచ్చు.

ఈ కోడ్‌లో కూలీకి అండగా నిలిచే నిబంధనలు మరో రెండు ఉన్నాయి. కూలి చెల్లించామని నిరూపించే భారం 59వ సెక్షన్ ప్రకారం యజమానిదే. తాను పని చేసినట్లు మాత్రం కూలీ చూపాలి. యజమానిగా వ్యవహరించిన వ్యక్తి చెల్లించకపోతే, పని జరిగిన సంస్థ యాజమాన్యానిదే బాధ్యతని 43వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మేస్త్రీకి, చేను యజమానికి ఇద్దరికీ నోటీసు పంపడం ఉత్తమం. పని తెలంగాణలో జరిగితే దరఖాస్తు అక్కడి అధికారికే చేయాలి. కోంట పరిసర గ్రామాలవారికి జగదల్‌పూర్ కన్నా భద్రాచలమే దగ్గర కాబట్టి దూరం ప్రతిసారీ అడ్డంకి కాదు. 2025 నవంబర్ 21కి ముందు ఏర్పడిన బకాయిలకు పాత చట్టాల గడువులు అడ్డు రావచ్చు. వేతన చెల్లింపు చట్టం కింద 12 నెలలు, కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలు మాత్రమే గడువుండేది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది.

అడ్వాన్సు తీరలేదన్న సాకుతో కూలీలను కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది బకాయి తగాదా కాదు, వెట్టిచాకిరీ. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పునే రద్దు చేస్తుంది. ఫిర్యాదు జిల్లా మేజిస్ట్రేట్‌కు చేయాలి.

నాసిరకం సరుకు, సేవ: వినియోగదారుల రక్షణ చట్టం–2019 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అంటే ఖమ్మంలో కొన్న మోటారు పంపు చెడిపోతే బస్తర్ వాసి తన జిల్లా పరిధిలోని కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి, రూ.5 లక్షల వరకు రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. తన సాగుకు విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మొలకెత్తని మిర్చి విత్తనానికి బిల్లు, సంచి, లాట్ సంఖ్య ఉన్న చీటీ, వ్యవసాయాధికారి పరిశీలన నివేదిక ముఖ్య సాక్ష్యాలు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915.

చెల్లని చెక్కు: ఇక్కడ నోటీసు ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. చెక్కు తిరిగివచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజులలోగా, చెక్కు మొత్తాన్ని కోరుతూ లిఖిత నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజులలో చెల్లించకపోతే, ఆ గడువు ముగిసిన నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. 2015 సవరణ తరువాత, చెక్కును ఖాతా ద్వారా వసూలుకు వేసినట్లయితే, సొమ్ము పొందవలసిన వ్యక్తి ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టుకే విచారణాధికారం. తెలంగాణ వ్యాపారి ఇచ్చిన చెక్కును జగదల్‌పూర్‌లోని తన ఖాతాలో వేసిన చింతపండు అమ్మకందారు జగదల్‌పూర్‌లోనే కేసు వేయవచ్చు.

చేతివృత్తులు, సూక్ష్మ పరిశ్రమలు: కొండగావ్ ధోక్రా లోహశిల్పులు, ఇనుప కళాకృతుల తయారీదారులు దూర నగరాల దుకాణాలకు సరుకు పంపుతుంటారు. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం రక్షణ పొందవచ్చు. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా కొనుగోలుదారు 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. అమ్మకందారు ఉన్న రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలే, కొనుగోలుదారు దేశంలో ఎక్కడ ఉన్నా, విచారించగలదు. సరుకు పంపకముందే నమోదు చేసుకోవడం శ్రేయస్కరం.

ప్రభుత్వ శాఖలు: ప్రభుత్వంపై దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందస్తు నోటీసు అవసరం. ఈ రెండు నెలలను కాలపరిమితి లెక్క నుంచి మినహాయిస్తారు. తునికాకు వంటి అటవీ ఉత్పత్తుల సేకరణ సహకార సంఘాల ద్వారా జరుగుతుంది కాబట్టి సభ్యులకు, సంఘానికి మధ్య తగాదా సహకార చట్టం కింద రిజిస్ట్రార్ వ్యవస్థ ఎదుటికి వెళ్లవలసి రావచ్చు.

ముందుగా లోక్ అదాలత్, ఉచిత న్యాయ సహాయం

దావా వేయకముందే, ఎటువంటి రుసుము లేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితంపై దరఖాస్తు చేసి తగాదాను లోక్ అదాలత్‌కు పంపమని కోరవచ్చు. అవతలి పక్షం హాజరై రాజీకి ఒప్పుకుంటే ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. కోర్టులో ఉన్న దావా ఇక్కడ రాజీ అయితే చెల్లించిన కోర్టు రుసుము వాపసు వస్తుంది. రాజీ కుదరకపోతే హక్కుదారు కోల్పోయేదేమీ లేదు. అయితే కాలపరిమితి గడువును మాత్రం కనిపెట్టి ఉండాలి.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలు, షెడ్యూల్డ్ కులాలవారు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులు తదితరులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. బస్తర్ నుంచి వచ్చే కూలీలలో అధికులు ఈ వర్గాలవారే. నోటీసు రాయించుకోవడం మొదలు కోర్టు రుసుము, న్యాయవాది వరకు ఈ సహాయం పరిధిలోకి వస్తాయి. తెలంగాణలో తగాదా ఉన్న ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ అక్కడి జిల్లా సంస్థను కూడా ఆశ్రయించవచ్చు. జాతీయ సహాయవాణి సంఖ్య 15100.

సివిల్ దావా దాఖలు

మిగిలిన మార్గాలేవీ వర్తించనప్పుడు, లేదా అవి విఫలమైనప్పుడు సివిల్ దావా వేయాలి. ప్రతివాది నివసించే లేదా వ్యాపారం చేసే చోట గానీ, తగాదాకు కారణమైన వ్యవహారం పూర్తిగా లేదా పాక్షికంగా జరిగిన చోట గానీ దావా వేయవచ్చని 20వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందం సుక్మాలో కుదిరి, సరుకు అక్కడే అప్పగిస్తే ప్రతివాది భద్రాచలంలో ఉన్నా ఛత్తీస్‌గఢ్‌లో దావా వేసే వీలుంటుంది. ఒకప్పటి అవిభక్త బస్తర్ జిల్లా నేడు బస్తర్, కాంకేర్, దంతెవాడ, నారాయణపూర్, బీజాపూర్, సుక్మా, కొండగావ్ అనే ఏడు జిల్లాలుగా ఉంది. రెవెన్యూ జిల్లా సరిహద్దు, కోర్టు పరిధి ఒకటే కాకపోవచ్చు కాబట్టి తమ గ్రామం ఏ కోర్టు కిందకు వస్తుందో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో నిర్ధారించుకోవాలి.

దావా పత్రంలో వాది, ప్రతివాదుల వివరాలు, వ్యవహారం తేదీల వరుసలో, కోర్టుకు ఉన్న అధికారం, కాలపరిమితిలోపే దాఖలు చేస్తున్న సంగతి, కోరే మొత్తం, వడ్డీ ఉండాలి. నోటీసు నకలు, తపాలా రశీదు, ఆధారాల పట్టిక, ప్రమాణపత్రం జతచేయాలి. ఒకే వ్యవహారం నుంచి వచ్చిన మొత్తం బకాయిని ఒకే దావాలో కోరాలి. కొంత వదిలివేస్తే దానికోసం మళ్లీ దావా వేయడానికి వీలులేదు. ప్రోనోటు, చెక్కు, లిఖిత ఒప్పందంపై ఆధారపడిన నిర్ణీత మొత్తాలకు 37వ ఆర్డరు కింద సంక్షిప్త విచారణ కోరవచ్చు. కోర్టు రుసుము కట్టలేని పేదలు 33వ ఆర్డరు కింద మినహాయింపుకు దరఖాస్తు చేయవచ్చు. వ్యాపార తగాదా విలువ రూ.3 లక్షలు, ఆపైన ఉంటే వాణిజ్య కోర్టుల చట్టం వర్తిస్తుంది. తక్షణ ఉత్తర్వులు అవసరం లేనప్పుడు దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి.

సమన్లు అందిన ప్రతివాది హాజరు కాకపోతే కోర్టు ఏకపక్షంగా విచారించవచ్చు. అటువంటప్పుడు కూడా వాది తన ఆధారాలు చూపవలసిందే. డబ్బు వసూలు దావా విలువ రూ.25,000 మించకపోతే రెండో అప్పీలు ఉండదని 102వ సెక్షన్ పేర్కొంటోంది. చిన్న తగాదా హైకోర్టు వరకు సాగకుండా ఇది అడ్డుకుంటుంది.

డిక్రీ తరువాత

డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. ప్రతివాది చెల్లించకపోతే అమలు దరఖాస్తు వేయాలి. డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్లు. ప్రతివాది ఆస్తి వేరే రాష్ట్రంలో ఉంటే డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయమని 39వ సెక్షన్ కింద కోరవచ్చు. జగదల్‌పూర్ కోర్టు డిక్రీని ఖమ్మంలో, ఖమ్మం కోర్టు డిక్రీని దంతెవాడలో ఈ విధంగా అమలు చేయించుకోవచ్చు. అందువల్ల ప్రతివాది బ్యాంకు ఖాతా, భూమి, వాహనం వివరాలు తెలిసినంత మేరకు మొదటి నుంచే సేకరించి ఉంచుకోవాలి. బ్యాంకు ద్వారా జరిగిన ఒక్క పాత చెల్లింపు ఉన్నా దాని ద్వారా ఖాతా వివరాలు తెలుస్తాయి.

గుర్తుంచుకోవలసిన గడువులు

చెక్కు నోటీసు: బ్యాంకు సమాచారం అందిన 30 రోజులలోగా.
చెక్కు ఫిర్యాదు: నోటీసు అందాక 15 రోజులు ముగిసిన నెలలోగా.
వినియోగదారుల ఫిర్యాదు: రెండేళ్లలోగా.
వేతన కోడ్ కింద దరఖాస్తు: మూడేళ్లలోగా.
అప్పు, ప్రోనోటు, సరుకు బకాయి దావా: సాధారణంగా మూడేళ్లలోగా.
ప్రభుత్వంపై దావా: రెండు నెలల ముందస్తు నోటీసు.
డిక్రీ అమలు: 12 ఏళ్లలోగా.

మిర్చి కోతలు ముగిసి కూలీలు స్వగ్రామాలకు బయలుదేరే ముందే లెక్క చూసుకుని, బకాయి ఉంటే యజమానితో గానీ మేస్త్రీతో గానీ మొత్తం, తేదీ రాయించి సంతకం తీసుకోవడం వసూలుకు అన్నిటికన్నా తేలికైన మార్గం. సంతకం దొరకని పక్షంలో, సరిహద్దు దాటకముందే అక్కడి తపాలా కార్యాలయం నుంచి నోటీసు పంపవచ్చు. అదే పట్టణంలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు కూడా ఇచ్చి రావచ్చు.